ముప్పై రెండు దాకా లెక్క

అబ్బ, ఇంకా మొదలే పెట్టలేదు సార్, అప్పుడే చెయ్యెత్తితే ఎలా? నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తమన్నాను గానీ, పుడుతుందేమోనని ఎత్తమన్నానా? దించండి, దించండి.

నిజం చెప్పనా, డాక్టర్లంత చెడ్డ పేషెంట్లు భూమ్మీద ఉండరు. తాళాలు బాగుచేసే ఆయన పొద్దున ఇదే కుర్చీలో కూర్చున్నాడు, ఇంత మీసం, ఇంతింత మోచేతులు, మీకన్నా వెయ్యి రెట్లు నయం. మీరేమో ఇంజెక్షన్ చూడగానే నా చెయ్యి పట్టుకుని, సూది ఎంత పొడుగు, మందు ఎప్పటిది, అట్టపెట్టె ఎవరు తెరిచారు అని ఇంటర్వ్యూ మొదలెట్టారు. నలభై ఏళ్లుగా మీరు అందరికీ పొడిచిన సూదే సార్ అది. పైగా 'ముప్పై రెండు పెట్టావా, ముప్పై రెండు పెట్టావా' అని రెండుసార్లు అడిగారు. పెడతాను సార్ అన్నాను కదా. దాని దగ్గరికే వస్తున్నాను.

ఆ రబ్బరు దిమ్మ తియ్యకండి. ఊఁహూఁ! పళ్ల మధ్య అలాగే ఉండనివ్వండి. 'మత్తు ఎక్కడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది కదా, దిమ్మ ఇప్పుడే ఎందుకు పెట్టావు' అనే కదా ఆ కనుబొమలు? తెలుసు సార్. మత్తు ఎక్కాకే దిమ్మ పెట్టాలని మీరే నేర్పారు. నేను కావాలనే ముందు పెట్టాను.

ఎందుకంటే మీకొకటి చెప్పాలి. మీ నోరు ఖాళీగా ఉంటే నేను చెప్పలేను.

నవ్వుతున్నానా? అవును, నవ్వుతున్నాను. మాస్కు వెనక నవ్వినా కళ్లు పట్టిచ్చేస్తాయి కదూ! పొద్దుట్నించీ ఇంతే సార్, కాళ్లు నేల మీద ఆనడం లేదు. అయ్యో, ఆ చూపేమిటి, నేనేమీ తాగలేదు! ఇదిగో, పట్టకారు పట్టుకున్నాను, చివర కదులుతోందా చూడండి. లేదు కదా. చేతులు బాగానే ఉన్నాయి. నోరే నా స్వాధీనంలో లేదు.

ఎక్కణ్ణుంచి మొదలెట్టను? మీ పన్ను నుంచే మొదలెడతాను.

ఆర్నెల్ల నుంచీ మీరు ఎడమ పక్క నమలడం లేదని నాకు తెలుసు. టీ తాగినా తల ఒక పక్కకి వంచి కుడి బుగ్గలోకి పోసుకునేవారు. ముందు గదిలో చీటీలు రాసే అక్కయ్య చూసి, 'పెద్ద డాక్టరు గారికి మెడ పట్టేసినట్టుంది, పాపం' అంది. నేను కూడా మెడే అయ్యుంటుంది అన్నాను. ఎందుకు దాచుకున్నారు సార్? పళ్ల డాక్టరుకే పంటి నొప్పా అని నలుగురూ నవ్వుతారని. అవునా కాదా? ఇవాళ భోజనాల వేళ, అందరూ బయటికి వెళ్లాక, తలుపు గడియ పెట్టించుకుని మరీ కూర్చున్నారు. అదైనా రేపు సభ ఉంది కాబట్టి. మైకు ముందు మాట్లాడుతుండగా సలిపిందంటే పరువు పోతుందని.

నేనేమీ తప్పు పట్టడం లేదు సార్. దాచుకోవడంలో మీరు నా కాలిగోటికి సరిపోరు. మీవి ఆర్నెల్లు. నావి పన్నెండేళ్లు.

గుటక మింగండి. లాలాజలం ఆ గొట్టం లాగేస్తుంది, కంగారు పడకండి. ఆఁ, అలాగ.

రేపు రెండొందల మంది పళ్ల డాక్టర్ల ముందు మీరు ఏం చెప్పబోతున్నారు? పన్ను పీకే ముందు డాక్టరు కళ్లు మూసుకుని మనసులో ఒకటి నుంచి ముప్పై రెండు దాకా లెక్కపెడితే చెయ్యి కుదురుకుంటుంది, వేరు విరగదు, అని. మూడేళ్ల గ్రాఫులు గీయించారు. మన నాలుగు గదుల్లో బోర్డులు పెట్టించారు, 'మొదట ముప్పై రెండు' అని. జూనియర్లు గోడకేసి తిరిగి పెదాలు కదుపుతుంటే, 'కొత్త డాక్టరు గారికి లెక్కలు రావా' అని పేషెంట్లు అక్కయ్యని అడుగుతున్నారు. ఆ తర్వాత మీరు, 'ఈ పద్ధతి కనిపెట్టింది మా అమ్మాయే' అని నన్ను వేదిక ఎక్కిస్తారు. నేను కళ్లు మూసుకుని చేసి చూపించాలి. కరపత్రంలో నా ఫోటో కూడా వేశారు, కళ్లు మూసుకున్నది. చూసినవాళ్లంతా ఫోటో సరిగ్గా రాలేదనుకుంటున్నారు.

సార్, నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

ఒక్కసారి కూడా! ఒకటి అని కూడా అనలేదు!

ప్రార్థన చేసుకుంటాను సార్. యేసయ్యకి. పన్నెండేళ్లుగా, ప్రతి నోటి ముందూ, ఈ మాస్కు వెనక.

హమ్మయ్య!

చూశారా, పైకప్పు కూలలేదు. కనీసం లైటైనా ఆరలేదు. మీరు మాత్రం కళ్లు అంత పెద్దవి చెయ్యకండి, నాకు మళ్లీ నవ్వొస్తుంది.

నేను చేరిన మొదటి వారం గుర్తుందా? కింది దవడ పన్ను, వేరు విరిగి లోపల ఉండిపోయింది. నా చెయ్యి ఆకులా వణికింది. మీరు తిట్టలేదు, 'పక్కకి జరుగమ్మా' అన్నారంతే. తిట్టినా బాగుండేది. మర్నాడు ఇంకో పేషెంటు, అలాంటి పన్నే. చేతులు కడుక్కుంటూ మాస్కు వెనక అన్నాను, 'ప్రభువా, ఈ మనిషి నోరు నీది, ఈ చెయ్యి నీది, మధ్యలో నేను భయంతో చస్తున్నాను' అని. అంతే. పన్ను మైనంలోంచి లాగినట్టు వచ్చేసింది.

మీరు పక్కనే ఉన్నారు. మాస్కు బట్ట కదిలినా కనిపెట్టే మనిషి కదా మీరు! 'ఏం చేశావమ్మాయ్, కళ్లు మూసుకుని పెదాలు కదిపావు?' అన్నారు. ఎదురుగా గోడ మీద పళ్ల బొమ్మ ఉంది, పైన పదహారు, కింద పదహారు. 'లెక్కపెట్టుకున్నాను సార్' అన్నాను. 'ఎంత దాకా?' అన్నారు. 'ముప్పై రెండు.'

మీ ముఖం వెలిగిపోయింది! 'శభాష్ అమ్మాయ్, ఇదీ సైన్సంటే' అని నా చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించారు. ఇంక ఆ చేతిని కిందికి దించుకునేది ఎలా?

ఆ తర్వాత గడియారం పెట్టి కొలిచారు కూడా. పన్నెండు సెకన్ల నుంచి ఇరవై సెకన్లు. ఒకసారి నిమిషన్నర పట్టింది. ఆ రోజు పేషెంటు ఒక తల్లి, గుండె జబ్బు మనిషి, కూతురు బయట బెంచీ మీద ఏడుస్తూ కూర్చుంది. 'అంతసేపు ఏం లెక్కపెట్టావు' అని మీరు అడిగారు. 'ఆవిడకి కట్టుడు పళ్లు కూడా ఉన్నాయి సార్, అవీ కలిపాను' అన్నాను. మీరది పుస్తకంలో రాసుకున్నారు! నా కళ్లముందే రాసుకున్నారు!

ఎందుకు చెప్పలేదనే కదా ఆ మూలుగు? మీరు తిడతారని కాదు సార్. నవ్వుతారని.

మీ జ్ఞానదంతం జోకు ఉంది చూడండి. కొత్త జూనియర్లు వచ్చినప్పుడల్లా మొదటి రోజే వేస్తారు. 'దేవుడే చేసుంటే దవడ కొలుచుకోడా? చోటు లేని చోట నాలుగు పళ్లు ఇరికించిన కంట్రాక్టరుని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా?' అని. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. అందరికన్నా గట్టిగా నవ్వేదాన్ని, ఎవరికీ అనుమానం రాకుండా. ఇంటికెళ్లాక మింగుడు పడేది కాదు.

ఇప్పుడు మీకు నొప్పెడుతున్నది ఏ పన్ను? ఎడమ వైపు, కింద, చిట్టచివర. జ్ఞానదంతం. నేనేమీ అనడం లేదు. నేనేమీ అనలేదు సార్! దిమ్మ కొరక్కండి, రబ్బరు తెగుతుంది.

మరి పిన్ని సంగతి వినండి, ఎలాగూ నోరు జారింది కదా.

నాకు పిన్ని లేదు.

ఆదివారం సాయంత్రాలు డ్యూటీ వద్దని మొదట్లోనే అడిగాను గుర్తుందా? 'ఎందుకమ్మా' అన్నారు. ఆరాధనకి వెళ్లాలి అని చెప్పడానికి నోరు రాలేదు. 'మా పిన్నిగారు మంచంలో ఉన్నారు సార్, ఆదివారాలు నేనే చూసుకోవాలి' అన్నాను. మీరేమో మంచివారు, అదే నా ప్రాణానికొచ్చింది. ప్రతి సోమవారం 'పిన్నిగారు ఎలా ఉన్నారమ్మా?' అని అడిగేవారు. ఏం చెప్పను? 'కాస్త నయం సార్', 'మళ్లీ నీరసం సార్', 'రాత్రి నిద్ర పట్టింది సార్.' పన్నెండేళ్లుగా ఆవిడని చావనివ్వకుండా, లేవనివ్వకుండా మోసుకొస్తున్నాను. ఒకసారి ఒళ్లు మరిచి 'పెళ్లికెళ్లారు సార్' అనేశాను. మంచంలో ఉన్న మనిషి పెళ్లికెలా వెళ్లిందని మీరు అడక్కపోవడం నా అదృష్టం.

ఇంతటితో ఆగిందా? మీకేమో జాలి పుట్టింది. 'ఆవిడకి పళ్లున్నాయా?' అన్నారు. నేను తొందరపడి లేవన్నాను. 'చిగుళ్ల అచ్చు తీసుకురా, కట్టుడు పళ్లు నా చేత్తో నేనే చేసిస్తాను' అన్నారు. మూడు నెలలు తప్పించుకున్నాను. అచ్చు ముద్ద డబ్బా మీరే నా సంచిలో పెట్టారు!

ఇంక దారి లేక, మా సంఘంలో ఒక ముసలమ్మ ఉంటే, పాస్టరు గారి తల్లి, నిజంగానే ఒక్క పన్ను లేదు, ఆవిడ దగ్గర తీశాను. ఆరాధన అయ్యాక, వెనక బెంచీ మీద కూర్చోబెట్టి. 'ఎవరు చేస్తున్నారమ్మా' అంది. 'మా సార్' అన్నాను. మీరు పది రోజులు కూర్చుని ఒక్కొక్క పన్నూ అరగదీసి మరీ చేశారు. నేను చూశాను, ఆ రోజుల్లో మీరు భోజనానికి కూడా లేచేవారు కాదు.

ఆవిడ ఇప్పుడు ప్రతి ఆదివారం మొదటి వరుసలో నిలబడి పాడుతోంది సార్. అంతకుముందు గాలి పోయేది, మాట తేలేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క అక్షరం టకటకా పలుకుతుంది. మీ పళ్లతో! దేవుడు లేడు లేడు అంటూ మీరు అరగదీసిన పళ్లతో ఆవిడ దేవుణ్ణి స్తుతిస్తోంది, ఆరేళ్లుగా! పాట ఎత్తుకున్నప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. పక్కవాళ్లు నాకు ఆత్మానందం అనుకుంటారు.

చెయ్యెత్తారా? నొప్పా? కాదా? మరి? అయ్యో, మీరూ నవ్వుతున్నారా? ఏడుస్తున్నారా? నోట్లో దిమ్మ ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. కళ్లు తుడుస్తాను ఉండండి. సరే, దించండి.

ఆవిడే ఒకరోజు పళ్లు సరిచేయించుకోడానికి ఇక్కడికొచ్చింది. మీరు ఊళ్లో లేరు, దేవుడి దయ. ఈ కుర్చీలోనే కూర్చుని, జూనియర్లంతా వింటుండగా, 'నువ్వు విశ్వాసివని ఇక్కడ వీళ్లకి తెలుసా అమ్మా?' అంది. ఎంత చిన్న ప్రశ్న! అవునో కాదో చెప్తే చాలు. నేనేమన్నానో తెలుసా?

'నోరు పెద్దగా తెరవండి' అన్నాను.

ఆవిడ తెరిచింది, పాపం. నా వంక చూస్తూనే తెరిచింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. అప్పట్నుంచీ నాకిది అలవాటైపోయింది సార్. ఎవరు ఏమడగబోయినా ముందే నోరు పెద్దగా తెరవండి అనేస్తాను. మొన్న ఇంట్లో మా ఆయన ఏదో అడగబోతే ఆయనతోనూ అన్నాను.

ఇవాళేమయిందంటే, మాస్కు నాడా తెగింది.

అంతే! పన్నెండేళ్ల నా గొప్ప రహస్యం ఒక నాడా మీద వేలాడుతోందని ఎవరనుకుంటారు? తాళాలాయన కుర్చీలో ఉన్నాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగి, అలవాటుగా కళ్లు మూసుకున్నాను. నాడా ఎప్పుడు తెగిందో చూసుకోలేదు, మాస్కు మెడకి వేలాడుతోంది. నేనేమో అది ముఖానే ఉందనుకుని హాయిగా పెదాలు కదుపుతున్నాను. కళ్లు తెరిస్తే ఆయన నన్నే చూస్తున్నాడు. 'డాక్టరమ్మా, ఎవరితో మాట్లాడుతున్నారు?' అన్నాడు.

ముప్పై రెండు నాలిక చివర దాకా వచ్చింది సార్, ఒట్టు. పళ్ల బొమ్మ వైపు చూశాను కూడా. కానీ నోట్లోంచి వచ్చిన మాట అది కాదు. 'యేసయ్యతో' అన్నాను.

ఇద్దరు జూనియర్లు పత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇంక ఆయన లేచిపోతాడు, బయటికెళ్లి గోల చేస్తాడు, నా పని అయిపోయింది అనుకున్నాను.

ఆయన మీసం కదిలింది. 'అలాగైతే కాస్త గట్టిగా మాట్లాడండమ్మా, నాకు భయంగా ఉంది' అన్నాడు.

గట్టిగానే మాట్లాడాను సార్! పైకి, వినపడేలా, జీవితంలో మొదటిసారి! తర్వాత ఆ పన్ను ఎలా వచ్చిందో నాకు గుర్తే లేదు. ఆయన వెళ్తూ వెళ్తూ, ఇంటి తాళం ఎప్పుడు పాడైనా పిలవమని చెప్పి వెళ్లాడు.

ఇంక చూడండి నా సంబరం! ఆగితేనా? అక్కయ్య దగ్గరికి పరిగెత్తి, 'అక్కయ్యా, నేను క్రైస్తవురాలిని' అన్నాను. 'తెలుసులే, సోమవారాలు నువ్వు కూనిరాగం తీసేవి సినిమా పాటలా ఏంటి? ఈ చీటీ మీద సంతకం పెట్టు' అంది. తెలుసట! ల్యాబులో అచ్చులు పోసే బాబాయికి చెప్పాను. 'మంచిదమ్మా, ఆ అచ్చు తడిగా ఉంది, మీద చెయ్యి పెట్టకు' అన్నాడు. పార్సిల్ తెచ్చిన అతనికి చెప్పాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. నీళ్ల క్యాన్లు వేసే అతను బాగా ఆలోచించి, 'అంటే మేడం, రేపట్నించి క్యాన్లు వద్దా?' అన్నాడు. ఎందుకలా అడిగాడో నాకిప్పటికీ అర్థం కాలేదు.

అందరూ ఇలాగే అన్నారని చెప్పను. పొద్దున గదిలో ఉన్న ఆ పొడుగు జూనియరు, 'అయితే మేడం, మనం ఇన్నాళ్లూ ఉత్తినే లెక్కపెట్టామా' అని మూతి ఒక పక్కకి పెట్టి నవ్వాడు. బయట వింటూ కూర్చున్న ఒకావిడ నా గది వద్దని పక్క గది అడిగింది. అడిగితే అడిగింది. నిజం చెప్పాలంటే అక్కడ ఉండలేకపోయాను సార్. మందుల గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఇదే కదా ఇన్నేళ్లూ నేను భయపడింది, ఇది ఇంతేనా, ఇంత చిన్నదా అనిపించింది. మళ్లీ నవ్వొచ్చేసింది.

ఇంక మిగిలింది మీరొక్కరు. మీ దగ్గరికొచ్చేసరికి మాత్రం కాళ్లు కట్టేసినట్టయింది.

ఎందుకో చెప్పనా? నవ్వకుండా వినండి, ఇది కాస్త వేరు.

మా అమ్మ బస్సు ఎక్కితే, బస్సు కదిలే ముందు పైకే ప్రార్థన చేసేది. డ్రైవరు కోసం, టైర్ల కోసం, నిలబడ్డవాళ్ల కోసం. సిగ్గూ ఎగ్గూ లేకుండా, కళ్లు మూసుకుని, అంత బస్సులో. నాకు పదకొండేళ్లు. మా బడి పిల్లలు వెనక సీట్లలో కిసుక్కుమంటున్నారు. నేను మెల్లగా లేచి ముందు సీట్లోకి వెళ్లి ఎవరో ఆవిడ పక్కన కూర్చున్నాను. కండక్టరు వచ్చి, 'ఆవిడ మీ అమ్మా?' అన్నాడు. కాదని తల ఊపాను.

అమ్మ కళ్లు తెరిచే ఉంది. చూసింది. కండక్టరు తన దగ్గరికి వెళ్లాక రెండు వేళ్లు చూపించి, 'రెండు టిక్కెట్లు' అంది, 'ఒకటి నాకు, ఒకటి ముందు కూర్చున్న ఆ పాపకి' అంది. మా అమ్మాయి అని కూడా అనలేదు, నా పరువు పోతుందని.

అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. యేసయ్యని పట్టుకెళ్లిన రాత్రి, చేపలు పట్టుకునే ఆయన శిష్యుడొకడు ఆయన్ని ఎరగనని మూడుసార్లు అన్నాడట, కోడి కూసేసరికి వెక్కి వెక్కి ఏడ్చాడట. నాకు కోడి కూడా కూయలేదు సార్. పన్నెండేళ్లు శుభ్రంగా జీతం తీసుకుని ఎరగనంటూ కూర్చున్నాను.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. శభాష్ అన్న మగమనిషి నా జీవితంలో మీరొక్కరే. అది పోతుందనే నా భయమంతా. ఉద్యోగం ఇంకోచోట దొరుకుతుంది. 'అమ్మాయ్' అనే పిలుపు ఎక్కడ దొరుకుతుంది?

పెదవి మొద్దుబారిందా? ఇక్కడ నొక్కితే? ఇక్కడ? ఇంకో రెండు నిమిషాలు.

మీ గ్రాఫులు అబద్ధం అనడం లేదు సార్, అది తప్పుగా అనుకోకండి. పిల్లలు నిజంగానే లెక్కపెట్టారు, వాళ్ల చేతులు నిజంగానే కుదురుకున్నాయి. ఆ పద్ధతి మీది, మీ పేరే పెట్టి చెప్పండి, నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను. నన్ను వేదిక ఎక్కిస్తే మాత్రం, ఇది నేను కనిపెట్టిన లెక్క అని చెప్పను. నేనేం చేస్తానో అదే చెప్తాను, ఎవరితో మాట్లాడతానో అదే చెప్తాను. రెండొందల మంది నవ్వితే నవ్వనీ. మీరూ నవ్వితే నవ్వండి. వద్దనుకుంటే నా పేరు కొట్టేయండి, ఇంకా రాత్రంతా టైముంది.

ఏదో పెద్ద ధైర్యం చేసినట్టు మాట్లాడుతున్నానా? నోట్లో దిమ్మ పెట్టి, నాలిక మొద్దుబార్చి, కుర్చీ వెనక్కి వాల్చి, అప్పుడు మీకు చెప్తున్నాను. దీన్ని ధైర్యం అంటారా? నాకు తెలుసు సార్. అందుకే ఇంకొకటి చెయ్యాలి.

మీకు ఇంకా ముప్పై రెండు పెట్టలేదు.

మామూలుగా అయితే ఇంజెక్షన్‌కి ముందే అయిపోవాలి. ఇవాళ చెయ్యలేకపోయాను. తాళాలాయనకి ముందు ఎవరికి చేసినా వాళ్లు తెలియక కూర్చున్నారు. మీకు అలా చెయ్యబుద్ధి కాలేదు. ఇదిగో, వెనక్కి జరిగాను. మాస్కు తీశాను. ఇదీ నా ముఖం. పైకే చేస్తాను, అమ్మ బస్సులో చేసినట్టు. వద్దంటే చెయ్యెత్తండి. ఇప్పుడే ఎత్తండి, చూస్తున్నాను.

ఎత్తలేదు. సరే.

ప్రభువా, ఈయన మా సార్. నీకు తెలుసు, రోజూ చెప్తూనే ఉన్నాను కదా ఈయన గురించి. నిన్ను కంట్రాక్టరు అన్నారు, మనసులో పెట్టుకోకు. ఆ ముసలమ్మకి పళ్లు అరగదీస్తున్నప్పుడు ఈ చేతుల్ని నువ్వు చూశావు. ఈయనకి భయంగా ఉంది, పైకి చెప్పరు. నాకూ భయంగా ఉంది, పన్ను గురించి కాదు. ఈయన నన్ను ఇంక అమ్మాయ్ అని పిలుస్తారో లేదో అని. పిలవకపోయినా సరే, ఈ పన్ను మాత్రం వేరుతో సహా శుభ్రంగా రానీ. అమ్మ ఎక్కడుందో అక్కడ, నేను తన కూతుర్నేనని అందరి ముందూ చెప్పానని చెప్పు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమెన్.

ఆఁ. అయింది.

అదేంటి సార్, చెయ్యెత్తారు!

ఎప్పుడు ఎత్తారు? మొదటి మాటకేనా? కంట్రాక్టరు దగ్గరా? ఇప్పుడేనా? నేను కళ్లు మూసుకున్నాను, నాకెలా తెలుస్తుంది? వద్దు, చెప్పకండి, తల ఊపకండి.

ఆపమనే ఎత్తారనుకుందాం. చూసినా ఆపేదాన్ని కాదు సార్. అదీ చెప్పేస్తున్నాను, ఇవాళ నా దగ్గర దాచుకోడానికి ఏమీ మిగల్లేదు. రేపు వేదిక మీద నా కుర్చీ ఉంచుతారో, తీయించేస్తారో, పన్ను వచ్చాక చెప్పండి.

ఆ చెయ్యి ఇలా ఇవ్వండి. చల్లబడిపోయిందే! కుర్చీ పట్టుకోండి. మాస్కు కట్టుకున్నాను, కొత్తది, నాడా గట్టిదే. ఇంక దీని వెనక ఏముందో మీకు తెలుసు.

నోరు పెద్దగా తెరవండి.